ఆడితే ఖరాబవుతారా?

మేం చదివిన ఉర్దూ మీడియం బడిలో ఉస్తాదులు మారుతుండేవారు గానీ, ఒక మాట మాత్రం మారేది కాదు. 'పఢోగే లిఖోగే బనోగే నవాబ్, ఖేలోగే కూదోగే హోగే ఖరాబ్.' చదువుకుంటే నవాబువవుతావు, ఆడుకుంటూ తిరిగితే ఖరాబైపోతావు అని. ఇంటర్వెల్లో గోలీలాడుతూ దొరికితే బెత్తంతో పాటు ఈ మాట కూడా పడేది. ఇంటికొస్తే అబ్బా నోట మళ్లీ ఇదే. నేను నవాబును కాలేదు, విలేకరినయ్యాను. మొన్నొకరోజు మా అబ్బాయి బ్యాటు పట్టుకుని గడప దాటుతుంటే నా నోటి నుంచి కూడా ఈ మాటే వచ్చింది. వాడు నవ్వి, "అబ్బా, చదివి నవాబైనవాళ్లని ఒక్కరిని చూపించండి" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు.

నవాబును చూపించలేను గానీ, పిల్లలకు చదువు చెబుతూ, తాను ఆట ఆడుతూ, ఏ రకంగానూ ఖరాబు కాని ఒక ఉస్తాదును చూపించగలను. ఆయన పేరు డేవిడ్ బ్రయంట్. ఇంగ్లండులో సోమర్‌సెట్ ప్రాంతం, సముద్రం ఒడ్డున క్లీవ్‌డన్ అనే చిన్న ఊరు. 1931 అక్టోబర్ 27న పుట్టాడు. పేషా బడిపంతులు. ఆట బౌల్స్. మన ఇళ్లలో ఈ ఆట పేరు విన్నవాళ్లు తక్కువ. విన్నవాళ్లు కూడా 'రిటైరైన ముసలివాళ్లు ఆడుకునేదే కదా' అంటారు. ఆ మాట గురించే ఇవాళ నా బాధ. అక్కడికి తర్వాత వస్తాను.

ముందు ఆట సంగతి. నున్నగా కత్తిరించిన పచ్చిక మైదానం. ఒక చివర చిన్న చాప. దాని మీద నిలబడి మొదట ఒక చిన్న బంతిని దూరంగా దొర్లిస్తారు. దాన్ని జాక్ అంటారు. ఆ తర్వాత ఆటగాళ్లు వంతులవారీగా తమ పెద్ద బంతుల్ని దొర్లించి జాక్‌కు వీలైనంత దగ్గరగా చేర్చాలి. ఎవరి బంతి దగ్గరుంటే వారికి పాయింటు. చూడటానికి మన గోలీలాటకు పెద్దన్నలా ఉంటుంది. ఒక్కో బంతి బరువు దాదాపు కిలోన్నర. అయితే అసలు కిటుకు బరువులో లేదు, ఆకారంలో ఉంది. ఆ బంతి పూర్తి గుండ్రంగా ఉండదు. ఒక పక్కకు ఒరిగేలా తయారుచేస్తారు. దొర్లించినప్పుడు కొంతదూరం దాదాపు నేరుగా పోయినట్టే ఉంటుంది. వేగం తగ్గేకొద్దీ ఆ పక్కకు వంపు తిరుగుతుంది. అందుకే సీదా జాక్ మీదికి నిషానా పెట్టినవాడి బంతి పక్కకు పోతుంది. ఎంత వంపు తిరుగుతుందో అందాజా వేసి, అంత పక్కకు వదిలినవాడి బంతే జాక్ దగ్గర ఆగుతుంది.

దీనికి కండబలం అక్కర్లేదు. పరుగు అక్కర్లేదు. పచ్చిక తడిగా ఉందా, పొడిగా ఉందా, గాలి ఎటు వీస్తోంది, ముందు వేసిన బంతి ఎక్కడ ఆగింది, ఇవన్నీ చూసి చేతికి చెప్పుకోవాలి. అంటే కావలసింది నజర్, అందాజా, అన్నిటికన్నా ఎక్కువగా సబ్ర్. చలిదేశాల్లో శీతాకాలం పచ్చిక పనికిరాదు కాబట్టి ఇదే ఆటను కప్పు కింద, తివాచీ పరిచి ఆడతారు. అది ఇండోర్ బౌల్స్. పచ్చిక మీద బంతి నడక వేరు, తివాచీ మీద నడక వేరు. ఒకదాంట్లో ఉస్తాదైనవాడు రెండోదాంట్లోనూ ఉస్తాదు కావాలని లేదు. బ్రయంట్ రెండింట్లోనూ అయ్యాడు.

ఆయన హిసాబు ఒకసారి చూడండి. 1962లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. అక్కడ సింగిల్స్‌లో స్వర్ణం, నలుగురి జట్టు పోటీలోనూ స్వర్ణం. 1966లో కింగ్‌స్టన్ క్రీడల్లో బౌల్స్‌నే పెట్టలేదు. మళ్లీ పెట్టిన 1970 ఎడిన్‌బరోలో సింగిల్స్ స్వర్ణం ఆయనదే. 1974 క్రైస్ట్‌చర్చ్‌లో ఆయనదే. 1978 ఎడ్మంటన్‌లోనూ ఆయనదే. అంటే ఆయన గెలిచిన మొదటి సింగిల్స్ స్వర్ణానికీ చివరిదానికీ మధ్య పదహారేళ్లు. ఈ మధ్యలో ఆ పతకం మరొకరి మెడలో పడలేదు.

ప్రపంచ పోటీల సంగతి ఇంకా దిల్‌చస్ప్‌గా ఉంటుంది. మొట్టమొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ 1966లో సిడ్నీ దగ్గర జరిగింది. సింగిల్స్ గెలిచింది బ్రయంట్. అప్పటికి ఆయన వయసు 34. ఆ తర్వాత 1972లో, 1976లో ఆ టైటిల్ వేరేవాళ్లకు పోయింది. మన మొహల్లాలో అయితే ఈపాటికి 'అయిపోయిందిలే, ఆయన జమానా పోయింది' అని తేల్చేసేవాళ్లం. 1980లో ఆస్ట్రేలియాలోని ఫ్రాంక్‌స్టన్‌లో ఆయన మళ్లీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. మధ్యలో పద్నాలుగేళ్లు. వయసు 48. 1984లో టైటిల్ మళ్లీ పోయింది. 1988లో న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో మూడోసారి గెలిచాడు. వయసు 56.

కప్పు కింద ఆడే ఆటలో ప్రపంచ చాంపియన్‌షిప్ 1979లో స్కాట్లండులోని కోట్‌బ్రిడ్జ్‌లో మొదలైంది. 1979, 1980, 1981, మొదటి మూడేళ్లూ సింగిల్స్ విజేత బ్రయంటే. 1980లో ఆయన పచ్చిక మీదా, తివాచీ మీదా ప్రపంచ చాంపియన్. తర్వాత తనకంటే ఇరవయ్యేళ్లకు పైగా చిన్నవాడైన టోనీ ఆల్కాక్‌తో జోడీ కట్టి, 1986 నుంచి 1992 మధ్య ఆరుసార్లు ప్రపంచ ఇండోర్ జోడీ టైటిల్ గెలిచాడు. ఆ ఆరోసారికి బ్రయంట్ వయసు అరవై. ఆయన ఈడువాళ్లు మన దగ్గర ఏం చేస్తుంటారో మీకు తెలుసు. అరుగు మీద కూర్చుని, మందుల డబ్బా పక్కన పెట్టుకుని, కొడుకు దుబాయ్ నుంచి ఫోన్ ఎప్పుడు చేస్తాడా అని చూస్తుంటారు.

ఆ జోడీ గురించి ఇంకొక్క మాట. ఆల్కాక్ వచ్చింది పెద్దాయన నీడలో కూర్చోవడానికి కాదు. 1986, 1987లో ఇండోర్ సింగిల్స్ ప్రపంచ చాంపియన్ ఆయనే. 1992లో పచ్చిక మీద ప్రపంచ సింగిల్స్ కూడా గెలిచాడు. కుర్రవాడు పైకొస్తుంటే బుజుర్గుకు హసద్ లేదు. పెద్దాయన పక్కనుంటే కుర్రవాడికి చిన్నతనం లేదు. ఒకే చాప మీద ఇద్దరూ ఏళ్ల తరబడి నిలబడ్డారు. మన ఇళ్లలో తండ్రీకొడుకులు కలిసి చేసే పని ఏదైనా ఉందా అని ఆలోచిస్తే, జుమా నమాజు, పెళ్లి దావత్ తప్ప నాకు ఇంకేదీ తట్టలేదు. బ్రయంట్ వాళ్ల నాన్న కూడా బౌల్స్ ఆటగాడే. ఆ ఇంట్లో ఆట తండ్రి నుంచి కొడుక్కి వచ్చింది. మన ఇంట్లో తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది ఆట వద్దనే సామెత.

చూడటానికి ఆయన చాంపియన్‌లా ఉండేవాడు కాదు. ఆట జరుగుతున్నంతసేపూ పళ్ల మధ్య ఒక పొగాకు పైపు. (పిల్లలు ఆటను నకలు చేయండి, పైపును కాదు.) చాప మీద మొదట గొంతుక్కూర్చునేవాడు. అక్కడి నుంచి గీత చూసుకుని, నెమ్మదిగా లేస్తూ, అడుగు ముందుకేసి బంతిని వదిలేవాడు. ఆ గొంతుక్కూర్చునే పద్ధతి ఆయన ముద్రగా మిగిలిపోయింది. తన హునర్‌ను దాచుకోలేదు, పుస్తకాలు రాసి పెట్టాడు. పంతులు కదా, చెప్పకుండా ఉండలేడు. ప్రభుత్వం 1969లో ఒకసారి, 1980లో మరోసారి ఆయన్ని సన్మానించింది. 2020 ఆగస్టులో 88 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఇంతకూ ఈ ఇంగ్లండు పెద్దమనిషి కథ మనకెందుకు? నా జవాబు ఇది. మన సామెత చదువునూ ఆటనూ శత్రువుల్ని చేసింది. బ్రయంట్ జిందగీ ఆ దుష్మనీ అబద్ధమని చెబుతోంది. ఆయన తరగతి గదిలో నేర్పిందీ, పచ్చిక మీద చేసిందీ రెండూ ఒకే పని. చూడటం, అందాజా వేయడం, తప్పితే సరిదిద్దుకోవడం, మళ్లీ వేయడం. ఇవి నేర్పని చదువుతో ఎవరు నవాబయ్యారు?

ఈ సామెత మనదొక్కరిదే అనుకోకండి. ఇంగ్లండులో దీన్ని ఏకంగా చట్టం చేశారు. 1541లో ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో చేసిన చట్టం ప్రకారం చేతిపనివారు, కూలీలు, నౌకర్లు క్రిస్మస్ రోజుల్లో తప్ప బౌల్స్ ఆడకూడదు. ఆటలో పడి విలువిద్య సాధన మానేస్తున్నారని, జూదంలో పడుతున్నారని వాదన. దొరలు మాత్రం ఆడుకోవచ్చు. అంటే ఆట చెడ్డది కాదు, గరీబు ఆడితే చెడ్డది. ఆ నిషేధం పోవడానికి మూడు వందల ఏళ్లు పట్టింది, 1845 వరకు. మన సామెతలోనూ ఇదే ఉంది. నవాబు షికారుకు వెళ్లినా, పోలో ఆడినా ఖరాబు కాడు. నౌకరు కొడుకు గోలీలాడితే ఖరాబవుతాడు. ఈ సామెతను నవాబులు కాదు, నవాబులకు భయపడినవాళ్లు తయారుచేసి ఉంటారని నా అనుమానం.

'దీన్ ఏమంటుంది?' అని అడిగే సాథీలు ఉంటారు. అడగాలి కూడా. పందెం కాస్తే జువా, అది హరామ్. అందులో బహస్ లేదు. నమాజు తప్పించే ఆట కూడా వద్దు. ఆ రెండూ లేనప్పుడు ఆట మీద అంత కోపం ఎందుకు? ప్రవక్త (స.అ.స.) హజ్రత్ ఆయిషా (ర.అన్హా)తో పరుగు పందెం వేసిన సంగతి హదీసుల్లో ఉంది. మొదటిసారి ఆమె గెలిచారు, కొంతకాలానికి మళ్లీ పరిగెత్తినప్పుడు ఆయన గెలిచారు. అప్పటికి ప్రవక్త (స.అ.స.) వయసు యాభై దాటింది. ఈ ఒక్క హదీసులో మనం మూడు సంగతులు చూడాలి. యాభై దాటిన మనిషి ఆడారు. భార్యతో ఆడారు. ఓడిపోయినప్పుడు అలగలేదు. ఈ మూడింటిలో మన ఇళ్లలో ఎన్ని ఉన్నాయో ఎవరికివారు లెక్కేసుకోండి.

ఆడవాళ్ల మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. బౌల్స్ ఆట కూడా వాళ్లకు తలుపులు సులభంగా తెరవలేదు. క్రికెట్‌లో మనందరికీ తెలిసిన గడ్డం దాదా డబ్ల్యు.జి.గ్రేస్ 1903లో ఇంగ్లిష్ బౌలింగ్ అసోసియేషన్‌కు తొలి అధ్యక్షుడు. అది మగవాళ్ల సంఘం. ఆడవాళ్లు వేరే సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది. రెండూ ఒకటైంది 2008లో. కామన్వెల్త్ క్రీడల్లో ఆడవాళ్ల బౌల్స్ 1982లో గానీ రాలేదు. కానీ తలుపు తెరిచాక ఏమైందో చూడండి. మలేసియాకు చెందిన సితీ జలీనా అహ్మద్ 2006లో మెల్‌బోర్న్‌లో సింగిల్స్ స్వర్ణం గెలిచింది. పన్నెండేళ్ల తర్వాత, 2018లో గోల్డ్‌కోస్ట్‌లో, ఎమ్మా ఫిర్యానా సరోజీతో కలిసి జోడీ స్వర్ణం గెలిచింది. ముస్లిం బిడ్డ. ఒంటినిండా బట్టలతో, తలమీద దుపట్టాతో నిక్షేపంగా ఆడుకోగల ఆట ఇది. 'బట్టల వల్ల కుదరదు' అనే బహానా ఇక్కడ చెల్లదు.

మన దేశం సంగతి కూడా మరవొద్దు. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మోనీ సైకియా, రూపా రాణి తిర్కీ నలుగురూ కలిసి ఫైనల్లో దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించారు. బౌల్స్‌లో భారతదేశానికి అంతకుముందు కామన్వెల్త్ పతకమే లేదు. మొదటిదే స్వర్ణం. ఆ నలుగురిలో పదహారేళ్ల పిల్ల ఒక్కరూ లేరు. ఒకరు ఝార్ఖండ్ పోలీసు, ఒకరు బడిలో పీఈటీ, ఇంకొకరు వెయిట్‌లిఫ్టింగ్‌ వదిలి ఇటు వచ్చినామె. మొదటి దారి మూసుకుపోయినా జిందగీ మూసుకుపోలేదు. మన ఆడపిల్లలకు పదో క్లాసు కాగానే ఆట బంద్. ముప్ఫై దాటిన కోడలు ఆడుతుందంటే పక్కింటి ఖాలా ఏమంటుందోనని భయం. పోటీ పరీక్షలో ఒక్కసారి తప్పిన కొడుకును కూడా అలాగే చూస్తాం. 'వాడి పని అయిపోయింది' అంటాం, ఇరవై రెండేళ్ల వాడిని.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట ఒప్పుకోవాలి. బ్రయంట్‌కు క్లీవ్‌డన్‌లో ఊరి క్లబ్బు ఉంది, కత్తిరించిన పచ్చిక ఉంది, ఆట తెలిసిన తండ్రి ఉన్నాడు. మన మొహల్లాలో స్కూటర్ పెట్టుకోవడానికే జాగా లేదు. ఆటోవాలాకు పొద్దున్నే కిరాయి వెతుక్కోవాలి. బీడీలు చుట్టే అమ్మీకి వెయ్యి పూర్తయ్యేదాకా నడుము ఎత్తే తీరిక లేదు. రిజ్క్ కోసం పరిగెత్తేవాళ్లకు 'ఆడుకోండి' అని చెప్పడం తేలిక. అది నాకూ తెలుసు. అందుకే పచ్చిక మైదానాలు కావాలని నేను అడగడం లేదు.

నేను అడిగేది చిన్నది. మన మొహల్లాల్లో మైదానాలు లేవు గానీ షాదీఖానాలు ఉన్నాయి. రాత్రి వలీమాలకు కళకళలాడతాయి. మామూలు రోజుల్లో పొద్దుట తాళం వేసి ఉంటాయి. ఇంగ్లండు పల్లెల్లో ఊరి హాళ్లలోనే 'షార్ట్ మ్యాట్ బౌల్స్' ఆడతారు. సుమారు నలభై నలభై అయిదు అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు తివాచీ ఒకటి చాలు. ఆట కాగానే చుట్టి మూలన పెట్టేస్తారు. అలాంటి తివాచీ మన షాదీఖానాలో పరచలేమా? బౌల్స్ బంతులు దొరక్కపోతే పోనీ. క్యారమ్ బోర్డులు పెట్టండి, రింగు ఆట పెట్టండి. ఫజర్ తర్వాత ఒక గంట బుజుర్గులకు, పదకొండు గంటలకు ఒక గంట ఆడవాళ్లకు, అసర్ తర్వాత ఒక గంట పిల్లలకు. వారంలో ఒకరోజు తాత, మనవడు కలిసి. కమిటీ సదర్ సాబులు లైట్ల బిల్లు గురించి అడుగుతారు. ఒక్క పెళ్లి దావత్‌లో మనం పారేసే బిర్యానీ ఖర్చుతో ఏడాది బిల్లు కట్టొచ్చని నా అందాజా.

నేనిది షౌక్ కోసం చెప్పడం లేదు. మన ఇళ్లలోకి తొంగిచూడండి. యాభై రాకముందే షుగర్, బీపీ. మోకాళ్లు పట్టేసి కుర్చీ మీద నమాజు. అంతకన్నా పెద్ద జబ్బు ఒంటరితనం. పిల్లలు గల్ఫ్‌లోనో, హైదరాబాద్‌లోనో ఉంటే, ఇద్దరు ముసలివాళ్లు టీవీ ముందు మాటల్లేకుండా కూర్చుంటారు. అబ్బా రిటైరయ్యాక ఇంట్లో ఆయనకు పనేమిటో ఆయనకే తెలియలేదు. నలభయ్యేళ్లు ఆట వద్దన్న మనిషికి, తీరిక దొరికాక ఆడటం రాలేదు. ఆ సామెత మమ్మల్ని కాదు, ముందు ఆయన్నే కాటేసింది. ఇది నాకు ఆలస్యంగా అర్థమైంది.

అందుకే 'ముసలివాళ్ల ఆట కదా' అన్న మాట వింటే నాకు కోపం రాదు, బాధేస్తుంది. ముసలివాళ్లకు ఒక ఆట ఉండటం ఆ సమాజానికి ఇజ్జత్. 34 ఏళ్లప్పుడూ, 48 ఏళ్లప్పుడూ, 56 ఏళ్లప్పుడూ ఒకే మనిషి ప్రపంచ చాంపియన్ కాగలిగిన ఆట అది. బౌల్స్ బంతి మొదట్లో ఎటు పోతుందో చూసి అది తప్పిందని చెప్పలేం. ఆగేదాకా చూడాలి. మనం పిల్లల్నీ, కోడళ్లనీ, బుజుర్గుల్నీ అంతసేపు చూడం. సగం దారిలోనే 'పోయింది' అని అరుస్తాం.

మా అబ్బాయికి నేను బాకీ ఉన్న జవాబు ఇది. చదివి నవాబైనవాడిని చూపించలేకపోయాను, సరే. చదువూ చెప్పి, ఆటలో అరవై ఏళ్లదాకా ప్రపంచాన్నీ గెలిచిన బడిపంతులు ఒకాయన ఉన్నాడు. ఆ సంగతి చెప్పాను. వాడు మొత్తం విని, "అయితే మీరు రేపు నాతో వస్తారా?" అన్నాడు. మోకాలి నొప్పి అన్నాను. తర్వాత సిగ్గేసింది. ఇన్‌షా అల్లాహ్, ఈ ఆదివారం ఫజర్ అయ్యాక వెళ్తున్నాను. బ్యాటింగ్ నా వల్ల కాదు, బంతి మాత్రం వేస్తాను.